విగ్రహం కన్ను - కూలివాడి కన్ను

వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో 'హోప్' అనే నీలివజ్రం ఉంది. బరువు 45.52 కేరట్లు. 1958లో హారీ విన్‌స్టన్ అనే నగల వర్తకుడు దాన్ని మ్యూజియానికి కానుకగా, రిజిస్టర్డ్ తపాలాలో పంపించాడు. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేటప్పుడు ఒక వరస వినిపిస్తుంది: టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు ఆ రాయి తల్లిరాయిని మన దేశం నుంచి తీసుకుపోయాడు; 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు; 1673లో లూయీ దాన్ని తిరిగి చెక్కించాడు; 1792లో, ఫ్రెంచి విప్లవం రోజుల్లో, అది దొంగలపాలైంది; తర్వాత లండన్‌లో హోప్ కుటుంబం చేతికి వచ్చింది; చివరికి అమెరికా ధనవంతుల ఇళ్లకు చేరింది. జమీందారీ కైఫీయతులాగా సాగే ఈ కథలో కొన్నవాళ్లున్నారు, అమ్మినవాళ్లున్నారు, దొంగిలించినవాళ్లకు కూడా చోటుంది. తవ్వినవాడికి మాత్రం లేదు.

ఇది ఒక్క హోప్ వజ్రం సంగతి కాదు. పారిస్‌లో లూవ్రు, లండన్ టవర్, మాస్కో క్రెమ్లిన్, టెహరాన్‌లో బాంకు భూగర్భంలోని ఖజానా - ఎక్కడికి వెళ్లినా రాయి చరిత్ర అంటే యజమానుల చరిత్రే. నాదిర్షా 1739లో ఢిల్లీని కొల్లగొట్టి తీసుకుపోయిన సొత్తులో చేరిన దరియా-యె-నూర్ ఇప్పుడు ఇరాన్ జాతీయ ఆభరణాలలో ఒకటి. దోచినవాడి పేరు దానితోపాటు భద్రంగా ఉంది.

యజమానుల చరిత్రకు అలంకారంగా కట్టుకథలు పుడతాయి. హోప్ వజ్రానికి శాపం ఉందని లోకమంతా విన్నది. టావెర్నియే దాన్ని ఒక గుడిలో విగ్రహం కంటినుంచి పెరికాడని, అందుకే కుక్కలు చీల్చి చంపాయని చెబుతారు. ఆయన ఎనభై దాటి బతికి, 1689లో మాస్కోలో చనిపోయాడు. శాపం కథ 20వ శతాబ్దం మొదట్లో పత్రికలూ నగల వర్తకులూ కలిసి పెంచినది. శాపం ఉన్న రాయికి గిరాకీ ఎక్కువ మరి! ఈ కథల్లో ప్రాచ్యదేశమంటే ఒక గుడి, ఒక విగ్రహం, ఒక పగబట్టిన పూజారి. గని ఉండదు.

ఎప్పుడన్నా శ్రామికుడు కథలోకి వస్తే దొంగగా వస్తాడు. లూవ్రులోని రీజెంట్ వజ్రం (140.64 కేరట్లు) కథ చూడండి. ఒక బానిస తన కాలికి గాయం చేసుకుని, కట్టుకింద రాయిని దాచి పారిపోయాడట. ఒక ఇంగ్లీషు ఓడ కెప్టెన్ అతన్ని చంపి దాన్ని కాజేశాడట. కాగితాల మీద ఉన్న చరిత్ర వేరు. మద్రాసు గవర్నరు థామస్ పిట్ దాన్ని 48 వేల వరహాలకు కొని, 1717లో ఫ్రాన్సు రీజెంటుకు 1,35,000 పౌన్లకు అమ్మాడు. ఈ లాభాన్ని దొంగతనమని ఎవరూ అనలేదు. ఫ్రెంచి రిపబ్లిక్ 1887లో రాచనగల్లో చాలావాటిని వేలం వేసింది గాని రీజెంటును ఉంచుకుంది. 2025 అక్టోబర్ 19న దొంగలు అదే గదిలోంచి ఎనిమిది నగలు ఎత్తుకుపోయినప్పుడు కూడా అది మిగిలింది. ఆ వార్త ప్రపంచంలోని పత్రికలన్నింటికీ ఎక్కింది.

ఇంతకీ టావెర్నియే తన పుస్తకంలో రాసింది ఏమిటి? 1676లో అచ్చయిన ఆ యాత్రాగ్రంథంలో విగ్రహం కంటి ప్రస్తావన లేదు. ఒక కూలివాడి కన్ను ఉంది. గోల్కొండకు అయిదు రోజుల ప్రయాణదూరంలో ఉన్న రావల్‌కొండ గనిలో ఒక కూలి చిన్న రాయిని కంటికొలకులో దాచుకుని పట్టుబడ్డాడని ఆయన రాశాడు. అక్కడ గోచీ తప్ప ఒంటిమీద గుడ్డ ఉండదు; దాచుకోవడానికి ఒళ్లు తప్ప మరో చోటు లేదు. కొందరు మింగేవాళ్లట. ప్రతి యాభైమంది కూలీలకూ పన్నెండు, పదిహేనుమంది కాపలాదార్లు. పనిలో ఎంత నేర్పున్నా ఏడాదికి దక్కేది మూడు వరహాలు. పెద్ద రాయి దొరికితే తెచ్చి అప్పజెప్పినవాడికి తలపాగా గుడ్డ, కొద్దిగా డబ్బు, బియ్యం, పళ్లెంలో చక్కెర. కూలి ఇంత తక్కువ గనక దొంగతనానికి వాళ్లు వెనుకాడరని ఆ వర్తకుడే ఒప్పుకున్నాడు. మన నీతిశాస్త్రాలకంటే ఆ మాట నిజాయితీగా ఉంది.

కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు వర్ణన ఇంకా విలువైనది. అక్కడివాళ్లు ఆ చోటును 'గని' అంటారని టావెర్నియే రాసుకున్నాడు. దాదాపు అరవై వేలమంది - మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు - అక్కడ పనిచేయడం చూశానన్నాడు. తవ్వకానికి ముందు దేవుడికి మొక్కుతారు; ఆకుల్లో అన్నం, నెయ్యి, చక్కెరతో భోజనం పెడతారు. ఆ తర్వాత మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల లోతుకు నీరు తగిలితే ఆ గొయ్యిమీద ఆశ వదులుకోవడమే. చుట్టూ పొట్టిగోడ కట్టిన కళ్లంలో మట్టి పోసి, నీళ్లతో తడిపి, ఎండబెట్టి, చేటలతో తూర్పారబడతారు; మిగిలినదాన్ని పెద్ద రోకళ్లతో దంచి మళ్లీ చెరుగుతారు. కళ్లం, చేట, రోకలి - ఇవన్నీ సేద్యం పనిముట్లు. ధాన్యం చెరిగిన చేతులే వజ్రాన్ని కూడా చెరిగాయి. యూరపు రాజులు కిరీటాల్లో పెట్టుకున్న కాంతిని మొదట వేరుచేసింది పల్లెటూరి ఆడవాళ్లకు తెలిసిన పనితనమే. హోప్ తల్లిరాయి ఈ గనిదేనని పరిశోధకులు ఎక్కువగా భావిస్తున్నారు.

అంతకు ముందే, 1622 ప్రాంతంలో, మెథోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఇక్కడి గనిలో ముప్ఫైవేలమందిని చూశాడు. గనిని ఏడాదికి మూడు లక్షల వరహాలకు గుత్తకిచ్చారనీ, పది కేరట్లకు మించిన రాళ్లన్నీ సుల్తానువేననీ రాశాడు. ఒకచోట గుత్త మూడు లక్షలు, మరోచోట ఏడాది కూలి మూడు. ఈ రెండూ ఒకే గనివీ ఒకే కాలానివీ కావు గనక లెక్క కట్టడం కుదరదు. అయినా దోపిడీ ఏ స్థాయిలో సాగిందో తెలుసుకోవడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఒక సంగతి మాత్రం మరవకూడదు. ఇద్దరూ సరుకు కొనడానికి వచ్చినవాళ్లు. సరుకెక్కడ జారిపోతుందో అన్న ఆదుర్దా వాళ్లను కూలీలవైపు చూసేట్టు చేసింది, కరుణ కాదు. మన రచయితలు ఆ పుటలు చదివేటప్పుడు ఆ చూపును పక్కకు నెట్టి, దాని వెనక ఉన్న మనుషుల్ని పోల్చుకోవాలి. గోల్కొండ అనగానే నవాబుల ప్రేమగాథలు రాసేవాళ్లకు ఈ పని కష్టంగా తోచవచ్చు.

ఈ మధ్య వాదమంతా రాళ్లు ఎవరికి తిరిగి ఇవ్వాలన్నదానిమీదే నడుస్తోంది. 1849లో పదేళ్ల దిలీప్‌సింగు చేత సంతకం పెట్టించుకుని ఇంగ్లీషువాళ్లు కోహినూరును తీసుకుపోయారు. అది వలస దోపిడీ. వాపసు అడగడం న్యాయమే. అయితే తిరిగివచ్చిన రాయి ఏమవుతుంది? 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలిచ్చి 173 నిజాం నగలు కొన్నది. అవి రిజర్వు బాంకు భద్రపు గదుల్లో ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి ప్రదర్శనకు వస్తాయి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పెట్టినప్పుడు జనం విరగబడి చూశారు. వాటిలో అన్నిటికంటే పేరున్న జేకబ్ వజ్రం (184.75 కేరట్లు) గోల్కొండది కానే కాదు, దక్షిణాఫ్రికాది. నిజాం దాన్ని కాగితాలమీద బరువుగా వాడాడని ముచ్చటగా చెప్పుకుంటాం. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల్లో 1880ల నుంచి నల్లజాతి కూలీలను చుట్టూ కంచెలున్న ఆవరణల్లో నెలల తరబడి బంధించి ఉంచేవాళ్లు. ఒప్పందం ముగిశాక కూడా, రాళ్లు మింగారేమోనన్న అనుమానంతో కొన్నాళ్లు విడిగా నిర్బంధించి గాని వదిలేవాళ్లు కాదు. రావల్‌కొండ కాపలాదార్ల పని కంపెనీ చేతుల్లో శాస్త్రీయమైంది.

కొల్లూరు పులిచింతల జలాశయం ముంపులో కలిసింది. ఆ గని ఎట్లా బయటపడిందో టావెర్నియే అక్కడ విన్నాడు. ఆయన కాలానికి సుమారు వందేళ్ల కిందట ఒక పేదవాడు పైరు వేసుకుందామని నేల తవ్వుతుంటే దాదాపు 25 కేరట్ల రాయి దొరికింది. అదేమిటో తెలియక గోల్కొండకు తీసుకుపోయి ఒక వర్తకుడికి చూపించాడు. వర్తకుడు మొదట అడిగింది, అది దొరికిన చోటు ఎక్కడని. ఆ పేదవాడి పేరు టావెర్నియే రాయలేదు.