చేప దవడతో మొదలయ్యే చొక్కా

ఎండాకాలంలో వేసుకున్నట్టే తెలియని కాటన్ చొక్కా కావాలా? అయితే శ్రీకాకుళం జిల్లా పొందూరు కథ వినాల్సిందే.

ఖాదీ అంటే ముతక అనుకునే 1920ల్లో, ఇక్కడి సన్నబట్ట ఎలా తయారవుతుందో చూసి రమ్మని గాంధీజీ తన కొడుకు దేవదాస్‌ని పంపారు.

సీక్రెట్ ఏంటంటే, వాలుగ చేప దవడ ఎముక! దాని సన్నటి పళ్లతో కొండపత్తిని దువ్వితే చెత్త పోయి, పోగులు వరుసగా నిలుస్తాయి. అప్పుడే రాట్నం మీద 100 కౌంట్ నూలు వస్తుంది. కౌంట్ ఎంత ఎక్కువైతే దారం అంత సన్నం. అందుకే చొక్కా తేలిగ్గా ఉంటుంది, గాలి ఆడుతుంది, చెమట త్వరగా ఆరుతుంది.

కానీ ఇప్పుడు వడికేది ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లే. కూలి గిట్టక కొత్తవాళ్లు రావట్లేదు. రేటు చూసి "ఇంతా?" అనిపిస్తే, అందులో వడికే చేతికి ఎంత వెళ్తుందో కూడా అడగండి.