పాట ఎవరు దించినా పేరు వైఫై ఓనర్‌దే

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. నెట్లో పాటలు పంచుకున్నోళ్ల మీద కేసుల గురించి మాట్లాడినప్పుడల్లా మనోళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "గదిలో పది మందిమి ఉంటాం, దించింది ఫలానా వాడని వాళ్లకెట్ల తెలుస్తది?"

మనిషి తెలియడు అన్నా. లైను తెలుస్తది. ఆ లైను ఎవరి పేరు మీద ఉంటే కాగితం వాళ్లకు వస్తది. కరెంటు మీటర్ లాంటిదే. హీటర్ ఎవరు పెట్టినా బిల్లు మీద పేరు మాత్రం ఒక్కరిదే గదా. ఈ చిన్న తేడా మీద అమెరికాలో పదేళ్లు కోర్టులు నడిచాయి.

1999 జూన్‌లో షాన్ ఫానింగ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు నాప్‌స్టర్ మొదలుపెట్టాడు. పాటలు కంపెనీ దగ్గర ఉండవు, జనాల కంప్యూటర్లలోనే ఉంటాయి. ఎవరి దగ్గర ఏ పాట ఉందో చెప్పే జాబితా మాత్రం కంపెనీ సర్వర్లో ఉంటుంది. మన సైట్లో స్టోర్ కీపర్ రిజిస్టర్ అనుకోండి. రిజిస్టర్ ఉందంటే పట్టుకోవడం సులువు. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఆర్ఐఏఏ కేసు వేసింది. 2000 మేలో మెటాలికా బ్యాండ్ వాళ్లు తమ పాటలు పంచుతున్న 3,35,435 యూజర్ పేర్లను ప్రింట్ తీయించి, పెట్టెల్లో పెట్టి నాప్‌స్టర్ ఆఫీసుకు తెచ్చి ఇచ్చారు. ఆ పేర్లు ఏరడానికి ఒక కంపెనీని పెట్టుకున్నారు. మామూలు జనాన్ని ఇంత పెద్ద ఎత్తున లెక్కగట్టడం అప్పుడే చూశాం. 2001 జూలైకి నాప్‌స్టర్ ఆగిపోయింది.

తర్వాత కజా వచ్చింది. అందులో నాప్‌స్టర్ లాంటి ఒక్క రిజిస్టర్ లేదు. కంపెనీల మీద కేసులు ఒకపక్క నడుస్తుండగానే, ఆర్ఐఏఏ ఈసారి వాడేవాళ్ల మీదికి వచ్చింది.

నిఘా ఎట్లా జరిగిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఎవరి కంప్యూటర్‌లోకీ దొంగదారిన దూరలేదు. మీడియాసెంట్రీ అనే కంపెనీ మనుషులు మనలాగే కజా తెరిచి పాట పేరు కొట్టారు. ఆ పాట ఎవరి దగ్గర కనిపిస్తే వాళ్ల షేర్డ్ ఫోల్డర్ తెరిచి, జాబితా స్క్రీన్‌షాట్ తీసి, కొన్ని పాటలు దించి, ఐపీ అడ్రస్, తేదీ, టైం రాసుకున్నారు. అంతే. దించిన పాటలు అదే ఫోల్డర్లో పడి, అక్కడి నుంచి లోకమంతటికీ తెరిచి ఉంటాయని చాలామందికి తెలియనే తెలియదు. కేసుల్లో అసలు బరువు కూడా పాట విన్నందుకు కాదు, ఇతరులకు అందుబాటులో పెట్టినందుకు.

ఇక ఆ ఐపీ అడ్రస్ ఏ ఇంటిదో చెప్పాల్సింది ఇంటర్నెట్ కంపెనీ. వెరైజన్ పేర్లు ఇవ్వనని కోర్టుకెక్కింది. 2003 డిసెంబర్‌లో అప్పీలు కోర్టు వెరైజన్ వైపే చెప్పింది. దాంతో ఆర్ఐఏఏ దారి మార్చింది. పేరు తెలియని మనిషిని అక్కడి కోర్టుల్లో 'జాన్ డో' అంటారు, మనం 'ఫలానా' అన్నట్టు. ముందు జాన్ డో మీద కేసు వేసి, జడ్జి ఉత్తర్వుతో పేరు రప్పించేది.

2003 సెప్టెంబర్ 8న ఒకేసారి 261 మంది మీద కేసులు పడ్డాయి. అందులో న్యూయార్క్‌లో సర్కారు ఇళ్లలో ఉండే పన్నెండేళ్ల అమ్మాయి ఉంది. వాళ్లమ్మ 2,000 డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. మసాచుసెట్స్‌లో 66 ఏళ్ల ఆవిడ మీదా పడింది. ఆమె దగ్గరున్నది మాకింతోష్, అందులో కజా నడవనే నడవదు. ఆ కేసు వెనక్కి తీసుకున్నారు. వెస్ట్ వర్జీనియాలో అయితే అప్పటికే చనిపోయిన 83 ఏళ్ల పెద్దావిడ మీద వేశారు! లైను చూసి మనిషి పేరు రాస్తే ఇట్లాగే ఉంటుంది మరి.

చాలామంది వేల డాలర్లు కట్టి రాజీపడ్డారు, ఎందుకంటే వకీలు ఖర్చు దానికంటే ఎక్కువ. మిన్నెసోటాలో ఒక తల్లి మాత్రం కోర్టుకే పోయింది. లెక్కలోకి తీసుకున్నవి 24 పాటలు. అమెరికా చట్టం ప్రకారం నష్టం ఎంత జరిగిందో చూపించక్కర్లేదు. ఒక్కో పాటకు 750 నుంచి 30,000 డాలర్లు, తెలిసి చేశారని తేలితే 1,50,000 దాకా వేయొచ్చు. 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు వేసింది. ఆ విచారణ రద్దయి 2009లో మళ్లీ జరిగితే 19.2 లక్షలు వేసింది. మూడోసారి 15 లక్షలు. చివరికి 2012లో అప్పీలు కోర్టు మొదటి లెక్క 2,22,000నే నిలబెట్టింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. వేరే ఎవరో వాడి ఉంటారన్న ఆమె వాదన నిలబడలేదు. ఐపీ ఒక్కటే సాక్ష్యం కాదు, కజాలోని యూజర్ పేరు ఆమె వేరే చోట్ల వాడే పేరే. నా దృష్టిలో 24 పాటలకు ఆ మొత్తం న్యాయం కాదు.

2008 డిసెంబర్‌లో కొత్త కేసులు ఆపుతున్నామని ఆర్ఐఏఏ చెప్పేసరికి సుమారు 35,000 మంది మీద పడ్డాయని పత్రికలు రాశాయి.

వైఫై సంగతి జర్మనీలో తేలింది. అది మన గదులకు ఇంకా దగ్గర. ఇంటాయన సెలవుల మీద ఊళ్లో లేడు, రౌటర్ ఆన్‌లో ఉంది, ఆ లైను మీద ఒక పాట బయటికి పోయింది. 2010 మే 12న అక్కడి పెద్ద కోర్టు, పాట అతను పంచలేదు కాబట్టి నష్టపరిహారం కట్టక్కర్లేదంది. కానీ రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేశాడు కాబట్టి, ఇక జరగనివ్వనని పూచీ ఇవ్వడం, నోటీసు ఖర్చు భరించడం మాత్రం తప్పదంది. ఇలాంటి యజమానుల భారం తగ్గిస్తూ 2017లో చట్టం మార్చారు. అయినా టొరెంట్‌కు వకీళ్ల నోటీసులు అక్కడ ఇప్పటికీ వస్తాయి. టొరెంట్‌లో పాట దించుకుంటూనే ముక్కలు ముక్కలుగా పంచుతుంటాం. అదే గుంపులో చేరిన ఎవరికైనా మన ఐపీ కనిపిస్తుంది. మీడియాసెంట్రీ చేసిన పనే ఇది, ఇంకా సులువుగా.

"వీపీఎన్ పెడితే సరి గదా" అనే తమ్ముళ్లకు ఎమిరేట్స్ సంగతి చెప్పాలి. అక్కడ వీపీఎన్ ఉండటమే నేరం కాదు. నేరం చేయడానికో, అది బయటపడకుండా ఉండటానికో ఐపీ మార్చితే 2021 నాటి 34వ నంబర్ సైబర్ చట్టం కింద జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా ఉన్నాయి.