చుక్కల నుంచి గడుల దాకా: ఇంటి యాంటెనా ప్రస్థానం

డిజిటల్ యాంటెనా అనే ప్రత్యేకమైన వస్తువు ప్రపంచంలో ఎక్కడా లేదు. దుకాణాల్లో ఆ పేరుతో అమ్ముతారు, అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చేస్తారు, నాలుగు రూపాయలు ఎక్కువే తీసుకుంటారు. కానీ గాలిలో వచ్చే తరంగాన్ని పట్టే లోహానికి, దాని మీద ఎక్కి వస్తున్నది పాతకాలపు అనలాగ్ బొమ్మో ఒకట్లూ సున్నాల వరసో తెలియదు. దానికి పట్టేవి మూడే: తరంగం పొడవు, అది వచ్చే దిక్కు, దారిలోని అడ్డు. గత యాభై ఏళ్లలో తెలుగు ఇళ్ల మీదికి ఇనుప వల, అల్యూమినియం కడ్డీలు, చిన్న డిష్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏది వచ్చినా ఈ మూడు లెక్కలు మారలేదు. మారింది వేరొకటి. బొమ్మ చెడితే ఎందుకు చెడిందో చూసి చెప్పే నేర్పు ఒకప్పుడు ఇంట్లో వాళ్లందరికీ ఉండేది, ఇప్పుడది మెకానిక్ మీటర్‌లోకి పోయింది.

యాగీ, ఉడా

ఇళ్ల మీద చేప ముల్లులా నిలబడిన ఆ కడ్డీల యాంటెనా పుట్టింది జపాన్‌లోని సెందాయ్ నగరంలో, తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో, 1926లో. పని ఎక్కువగా షింటారో ఉడాది. ఆయన పైవాడైన ఆచార్యుడు హిడెట్సుగు యాగీ 1928లో ఇంగ్లీషులో వ్యాసం రాశాడు, దాంతో లోకానికి యాగీ పేరే మిగిలింది. జపాన్ సైన్యం ఆ పరికరాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1942లో సింగపూర్ చేజిక్కాక, దొరికిన బ్రిటిష్ రాడార్ కాగితాల్లో ‘యాగీ’ అన్న మాట జపాన్ సైనికులకు అంతుపట్టలేదట. అది మీ దేశపు ఆచార్యుడి పేరేనని బందీగా ఉన్న బ్రిటిష్ సైనికుడు చెప్పాల్సి వచ్చిందన్న కథ ప్రసిద్ధం.

దీని నిర్మాణం సులువు. నడుమ తరంగంలో సగం పొడవున్న కడ్డీ ఒకటి, తీగ తగిలించేది దానికే. వెనక దానికంటే కాస్త పొడవుది, ముందు కాస్త పొట్టివి కొన్ని. పొడవుది వెనక నుంచి వచ్చేదాన్ని అడ్డుకుంటుంది, పొట్టివి ముందునుంచి వచ్చేదాన్ని నడి కడ్డీ వైపు నడిపిస్తాయి. ఏ పౌనఃపున్యానికి ఎంత పొడవన్నది నోటిలెక్క: 150ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 60 మెగాహెర్ట్జ్ దగ్గర ప్రసారమయ్యే ఛానెల్‌కు రెండున్నర మీటర్ల కడ్డీ కావాలి, 200 దగ్గర ముప్పావు మీటరు చాలు. ఒక ఊరి యాంటెనా మరో ఊళ్లో ఎందుకు పనిచేసేది కాదో ఈ లెక్కే చెబుతుంది.

పట్నం కంటే ముందు పల్లె

మన దేశంలో టీవీ ప్రసారం ఢిల్లీలో 1959 సెప్టెంబర్ 15న ప్రయోగంగా మొదలైంది. తెలుగు నేల మీద కథ మాత్రం తిరగబడి నడిచింది. పట్నంలో మేడల మీదికి కడ్డీలు ఎక్కకముందే పల్లెలో డిష్ లేచింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ‘సైట్’ ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలను ఎంచుకున్నారు, వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఒక్కో ఊరికి ఒక టీవీ, కోళ్ల దడికి వాడే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల డిష్. టీవీ సెట్లు తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, కార్యక్రమాలు తయారైన మూడు కేంద్రాల్లో ఒకటి హైదరాబాదే.

డిష్‌కు రేకు కాకుండా వల ఎందుకు? ఆ ప్రసారం 860 మెగాహెర్ట్జ్‌లో, అంటే తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. దానితో పోలిస్తే వల కన్నాలు బాగా చిన్నవి కాబట్టి తరంగానికి అది గోడే. గాలికి మాత్రం దారి ఉంటుంది, బరువు తక్కువ, ఖర్చు తక్కువ. నేరుగా ఉపగ్రహం నుంచి ఊరి టీవీకి బొమ్మ రావడమంటే, డీటీహెచ్ అన్న పేరు మనకు తెలియడానికి పాతికేళ్ల ముందే ఆ పని జరిగిందన్న మాట. ఏడాది కాగానే అమెరికా ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుంది, పల్లె డిష్‌లు మూగబోయాయి.

గొట్టాల కాలం

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1982లో రంగుల ప్రసారం, ఆసియా క్రీడలు వచ్చాయి. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్లింది. ఆ మరుసటి ఏడాది నుంచి వంద వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లు ఊరూరా వెలిశాయి. రామాయణం, మహాభారతం, శుక్రవారం చిత్రలహరి కలిసి ఇళ్ల మీద జీఐ పైపులు నాటించాయి.

ఆ పైపు ఎత్తు వెనక ఉన్నది భూమి గుండ్రదనం. 150 మీటర్ల టవర్ నుంచి వచ్చే తరంగం నేల దగ్గరికి సుమారు 50 కిలోమీటర్ల దాకా నేరుగా చేరుతుంది. ఇంటి యాంటెనాను పది మీటర్లు లేపితే ఇంకో 13 కిలోమీటర్లు కలుస్తుంది. అందుకే టవర్‌కు దగ్గరున్న వీధుల్లో పిట్టగోడకు కట్టిన పొట్టి పైపు సరిపోయేది, దూరపు ఊళ్లలో స్టే వైర్లు లాగిన పొడుగు గొట్టం, దాని కొసన బూస్టర్ కావలసి వచ్చేది. కోస్తాలో తుఫాను హెచ్చరిక వచ్చిందంటే గొట్టం దించడం కూడా ఇంటి పనుల్లో ఒకటయ్యేది.

డాబా మీద ఒకరు, కిటికీ దగ్గర ఒకరు, టీవీ ముందు ఒకరు. “వచ్చిందా?” “ఇంకొంచెం తిప్పు... ఆఁ, ఆపు!” అని ముగ్గురు కలిసి చేసే ఈ పనికి ఏ పరికరమూ అక్కర్లేదు, బొమ్మే మీటర్. చుక్కలు పడితే సిగ్నల్ చాలడం లేదు. అడ్డగీతలు పరుగెడితే దగ్గర్లో మిక్సీయో స్కూటరో ఉంది. మనిషి పక్కన అతని నీడలా ఇంకో మనిషి కనిపిస్తే, కొండకో పెద్ద భవనానికో తగిలిన తరంగం ఆలస్యంగా చేరుతోంది. ఎంత ఆలస్యమో కూడా తెర మీదే కొలవొచ్చు: 300 మీటర్లు చుట్టు తిరిగి వచ్చిన తరంగం 20 అంగుళాల టీవీలో ముప్పావు సెంటీమీటరు పక్కన బొమ్మ వేస్తుంది. వానాకాలంలో చుక్కలు పెరిగితే తడిసిన రిబ్బన్ వైరును అనుమానించాలన్నది బడిపిల్లలకు కూడా తెలుసు. 300 ఓమ్‌ల ఆ చదును వైరు ఇనుప పైపుకు ఆనినా, మసీ తేమా పట్టినా సిగ్నల్‌ను కారబెట్టేది. తర్వాత వచ్చిన 75 ఓమ్‌ల గుండ్రటి కోయాక్స్ తీగకు ఆ బాధ తక్కువ, కానీ రెండింటికీ పొత్తు కుదరాలంటే మధ్యలో బాలన్ అనే చిన్న డబ్బా పెట్టాలి. అది పెట్టకుండా నేరుగా మెలేసి, టీవీని తిట్టినవాళ్లు చాలామందే.

తీగ మింగిన కాలం

1991లో స్టార్, 1992లో జీ, 1995లో జెమిని, ఈటీవీ. కేబుల్ ఆపరేటర్ తన మేడ మీద పెద్ద డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ తీగ లాగాడు. వీధి మొత్తానికి ఒక్కటే యాంటెనా, దాని మంచిచెడ్డలు అతనివే. ఇళ్ల మీది కడ్డీలు ఊడిపోయాయి, గొట్టాలు బట్టలారేసే తీగలకు పనికొచ్చాయి. 2013 మార్చి 31 గడువుతో హైదరాబాద్, విశాఖపట్నం కేబుల్ డిజిటల్‌లోకి మారింది. మిగతా ఊళ్లు 2017 నాటికి ఆ దారి పట్టాయి.

డిజిటల్ ఏ దారిన వచ్చింది

చాలా దేశాల్లో డిజిటల్ నేల మీది టవర్ నుంచే వచ్చింది, కాబట్టి పాత కడ్డీలే పనికొచ్చాయి. అమెరికా 2009 జూన్ 12న పెద్ద స్టేషన్ల అనలాగ్‌ను ఆపేసింది, పాత టీవీల కోసం ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది. బ్రిటన్ 2012 అక్టోబర్‌లో ముగించింది. జపాన్ 2011 జులై 24న ముగించాల్సింది, సునామీ దెబ్బ తిన్న మూడు జిల్లాలకు మాత్రం 2012 మార్చి 31 దాకా గడువిచ్చింది. యాగీ యాంటెనా పుట్టిన సెందాయ్ ఆ మూడింటిలో ఒకదాని ముఖ్యపట్టణం.

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో నెలనెలా కట్టే కేబుల్ బిల్లు వదిలించుకోవాలనుకునేవారికి ఈ లెక్కలన్నీ ఇప్పుడూ పనికొస్తాయి. అక్కడి టవర్లు సీడర్ హిల్‌లో గుంపుగా ఉన్నాయి. ప్లేనో, ఫ్రిస్కో ఇళ్లకు అవి దక్షిణ నైరుతి దిక్కున, 50 నుంచి 70 కిలోమీటర్ల అవతల. కిటికీకి అంటించే పలచటి రేకు అంత దూరం నుంచి అన్ని ఛానెళ్లూ పట్టడం కష్టం, అటకలోనో కప్పు మీదో నిజమైన యాంటెనా కావాలి. కాలనీ సంఘం ఒప్పుకోదేమోనన్న భయం అక్కర్లేదు, సొంత కప్పు మీద టీవీ యాంటెనా పెట్టుకునే హక్కును 1996 నాటి ఫెడరల్ నిబంధన కాపాడుతోంది.

మన దగ్గర ఆ దారి మూసుకుపోయింది. దూరదర్శన్ 2016లో 16 నగరాల్లో నేల మీది డిజిటల్ ప్రసారం మొదలుపెట్టింది, ఆ జాబితాలో హైదరాబాద్ లేదు. 2022 మార్చి నాటికి, సరిహద్దుల్లాంటి కొన్ని చోట్ల తప్ప, అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నిచోట్లా ఆపేశారు. ఇప్పుడు తెలుగు ఊళ్లలో కడ్డీల యాంటెనా కొనడం డబ్బు దండగ. డిజిటల్ మనకు ఆకాశం నుంచి దిగింది: 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబర్‌లో దూరదర్శన్ ఉచిత సేవ, 2006లో టాటా స్కై, 2007లో సన్ డైరెక్ట్. ఆ ఉచిత సేవే నేటి డీడీ ఫ్రీ డిష్, నెలసరి రుసుము లేదు.

ఇప్పటి లెక్క

ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది జీశాట్-15 నుంచి. హైదరాబాద్ నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, నేలకు సుమారు 63 డిగ్రీల ఎత్తున. అంత ఎత్తు కాబట్టి డిష్ కంటే పది మీటర్లు పొడవైన ఎదురు గోడ ఐదారు మీటర్ల అవతల ఉంటే అడ్డు కాదు, పక్కనే పెరుగుతున్న కొబ్బరిచెట్టు మాత్రం రెండేళ్లలో అడ్డవుతుంది. డిష్ ముఖం చూపే వైపే ఉపగ్రహం ఉందనుకోకూడదు. తరంగాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బి అనే పరికరం కిందికి ఉండేలా చేసిన ఈ ఆఫ్‌సెట్ డిష్ చూసేది దాని ముఖం కంటే ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తుకి.

60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీలే. వదులు బోల్టు, ఊగే రెయిలింగ్, తుప్పు పట్టిన కోస్తా బ్రాకెట్ ఏదైనా దాన్ని పక్కకు నెడతాయి. జడివానలో నీటి చినుకులు ఉపగ్రహం పంపే పొట్టి తరంగాలను మింగుతాయి, 75 లేదా 90 సెంటీమీటర్ల డిష్ ఉంటే ఆ అంతరాయం తగ్గుతుంది.

ఇక్కడే పాత నేర్పు అక్కరకు రాకుండా పోయింది. అనలాగ్ కొద్దికొద్దిగా చెడేది. డిజిటల్‌లో తప్పులు దిద్దే ఏర్పాటు ఉంది కాబట్టి సిగ్నల్ అంచుకు వచ్చేదాకా బొమ్మ నిగనిగలాడుతుంది, అంచు దాటగానే గడులుగా విరిగి ఆగిపోతుంది. బొమ్మ బాగుందంటే అమరిక బాగున్నట్టు కాదు, మొదటి ముసురు దాకా ఆగాలి. సెట్‌టాప్ బాక్స్ మెనూలో బలం, నాణ్యత అని రెండు పట్టీలుంటాయి. చూడాల్సింది రెండోదాన్ని. బూస్టర్ బలాన్ని పెంచుతుంది, పాడైన సిగ్నల్‌ను బాగుచేయలేదు. నాణ్యత తక్కువైతే ముందు దిక్కు, తర్వాత ఎల్‌ఎన్‌బి మెలిక, తర్వాత ఆర్‌జీ-6 కోయాక్స్ తీగ, చివర కనెక్టర్‌లోకి దిగిన నీళ్లు. వెతకాల్సిన వరస ఇదే, చాలా అనుమానాలు ఇక్కడే తీరతాయి.

భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో, లోపలే శాటిలైట్ ట్యూనర్ ఉన్న టీవీలకు ప్రమాణం ప్రకటించింది. అలాంటి టీవీ కొంటే ఫ్రీ డిష్‌కు విడి డబ్బా అక్కర్లేదు, డిష్ తీగ నేరుగా టీవీలోకే వెళుతుంది. డబ్బా కంపెనీ లేనప్పుడు ఇంటికొచ్చి చూసే కంపెనీ మనిషీ ఉండడు. కాబట్టి రాబోయే పదేళ్లలో డిష్ ఎంపిక, దాని దిక్కు, ఆ నాణ్యత పట్టీ మళ్లీ ఇంటివాళ్ల పనే అవుతాయి. డిష్ బిగించినవాడు వెళ్లేముందు ఆ పట్టీ ఎంత చూపుతోందో అడిగి, గోడ మీద రాసిపెట్టుకోవడం మంచిది. తర్వాత ఎప్పుడు బొమ్మ ఆగినా పోల్చుకోవడానికి ఇంట్లో వాళ్ల దగ్గరుండే ఆధారం అదొక్కటే.