అయిదో నెల కదలిక

వేములపల్లి దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద, మడిగట్టు మీద నిలబడి ఉన్నారు మీరు. వానాకాలం నాట్లు. ఆడవాళ్లు నడుం వంచి వెనక్కి వెనక్కి జరుగుతున్నారు. గట్టు మీంచి నారు కట్టలు అందిస్తున్న పిల్లకు అయిదో నెల. ఉన్నట్టుండి ఆమె చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"ఏంది బిడ్డా, కదిలిందా?"

"అవునత్తమ్మా, ఇప్పుడే."

ఆమెకు తెలిసింది ఇప్పుడే. కదలిక మాత్రం రెండో నెల చివర్లోనే మొదలైంది. అప్పటికే వెళ్దాం పదండి.

పిండం పొడవు ఒకటిన్నర సెంటీమీటర్లు. మీ ముందున్నది అప్పుడే రూపు కట్టిన కండర పోగు. వెన్నుపాము నుంచి బయల్దేరిన నరం కొస వెతుక్కుంటూ వస్తోంది. అది తాకకముందే పోగు నడిమి భాగంలో, నరం వదిలే సంకేత రసాయనాన్ని అందుకునే అసిటైల్‌కోలిన్ గ్రాహకాలు కొన్ని చేరి ఉన్నాయి. ఎలుకల్లో చూసిన సంగతే ఇది. నరం రాకముందే కండరం చోటు చూసిపెట్టుకుంటుందన్నమాట!

నరం తాకింది. అగ్రిన్ అనే ప్రొటీన్‌ను వదిలింది. కండరం పైపొర మీది ఎల్‌ఆర్‌పీ4 అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని, పక్కనున్న మరో ప్రొటీన్ మస్క్‌ను మేల్కొలిపింది. లోపల్నుంచి డాక్-7 అనే ఇంకో ప్రొటీన్ తోడైంది. రాప్సిన్ అనే ప్రొటీన్ ఈ గ్రాహకాలను ఒక్కచోట కట్టిపడేస్తోంది. చూస్తుండగానే అవి నారుమడిలో మొలకల్లా ఒత్తుకుంటున్నాయి. పూర్తిగా ఎదిగాక ఇక్కడ చదరపు మైక్రోమీటరుకు దాదాపు 10,000. అదే నరం వదిలే అసిటైల్‌కోలిన్, అగ్రిన్ అండ లేని గుంపులను చెదరగొడుతుంది. మిగిలేది నరం ఆనిన చోటే.

అగ్రిన్‌ను స్టాన్‌ఫర్డ్‌లో మెక్‌మహన్ బృందం 1980లలో టార్పీడో అనే కరెంటు చేప నుంచి తీసింది. దాన్ని పట్టుకునేది ఎల్‌ఆర్‌పీ4 అని తేలడానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది. మస్క్ లేకుండా పుట్టిన ఎలుక పిల్లలు ఊపిరి తీసుకోలేక పుట్టగానే చనిపోయాయి. నరం, కండరం కలిసే ఈ అతుకు ఎంత ముఖ్యమో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మళ్లీ మడిగట్టు మీదికి రండి. పక్క మడిలో తైవాన్ పంపు మోత. మొగిపురుగుకు క్లోరోపైరిఫాస్ కొడుతున్నారు, ఘాటు ఇక్కడిదాకా వస్తోంది. నరానికీ కండరానికీ మధ్య సందు మిల్లీమీటరులో ఇరవైవేలో వంతు. పని అయిపోయిన అసిటైల్‌కోలిన్‌ను అక్కడ ఓ ఎంజైము వెంటవెంటనే విరగ్గొడుతుంది. ఈ జాతి మందు ఒంట్లోకి చేరితే ఆ ఎంజైమునే బంధిస్తుంది. కండలు మొదట అదురుతాయి, తర్వాత చచ్చుబడతాయి. ఆస్పత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఊపిరితిత్తుల్లో చేరే నీటిని ఆపుతుంది గానీ, ఈ అతుకు జోలికి రాదు. తేరుకున్నట్టు కనిపించినా, ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఊపిరి కండరాలు నీరసించవచ్చు. డాక్టరు ఉండమంటే ఉండాల్సిందే.

మందు కొట్టిన మడిలోకి ఆ రోజు ఎవరినీ దించకండి. కడుపుతో ఉన్న పిల్లనైతే అటువైపే పంపొద్దు. ఎవరికైనా తేడా చేస్తే బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోన్ చేయండి. మందు డబ్బాను సంచిలో పెట్టి వెంట తీసుకెళ్లండి.