తిమిరిచేప నుంచి త్రికాస్థి దాకా

తిమ్మిరి అంటే మనకు ఒంటి బాధగానే తెలుసు. మన కోస్తా నీళ్ళలో ఆ పేరుతో ఒక చేప కూడా ఉంది. స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రసెల్ విశాఖ తీరపు చేపల మీద 1803లో అచ్చువేసిన గ్రంథంలో స్థానికులు చెప్పిన పేర్లనే రోమను లిపిలో పొందుపరిచాడు. తొలి పటాలలోనే 'తిమిరి', 'నల్ల తిమిరి' కనబడతాయి. ఇసుకలో కూరుకొని ఉండే చదునైన చేప అది. చెయ్యి తగిలితే జివ్వుమంటుంది. దాని దగ్గరి చుట్టానికి 1801లో తరంగంబాడి నమూనాలను బట్టి శాస్త్రీయ నామం పెట్టారు. ఆ రెండు ఊళ్ళ నడుమనే మా నెల్లూరు తీరం.

ఆ జివ్వు విద్యుత్తేనని జాన్ వాల్ష్ 1772లో ఫ్రాన్సు తీరాన ప్రయోగాలు చేసి తేల్చాడు. దానిని వైద్యానికి వాడుకోవడం మాత్రం చాలా పాత సంగతి. క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమను వైద్యుడు స్క్రిబోనియస్ లార్గుస్, కీళ్ళవాతపు రోగిని తడి ఇసుకలో బతికున్న టార్పెడో చేపపై పాదం మోపి, మోకాలి దాకా తిమ్మిరెక్కేవరకు నిలబడమన్నాడు. చిత్రమేమంటే, చీలమండ పక్కగా పోయే నాడికీ మూత్రాశయాన్ని ఏలే నాడులకీ వెన్నులో మూలాలు కొంతవరకు ఒకటే. లార్గుసుకు ఆ సంగతి తెలిసే వీలు లేదు.

మూత్రాశయం నిండకుండానే 'ఇప్పుడే, ఈ క్షణమే' అని తొందరపెట్టే జబ్బు ఒకటుంది. వైద్యులు దానిని అతిచురుకు మూత్రాశయం అంటారు. మా తీరపు ఊళ్ళలో పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు నెల్లూరు బస్సెక్కవలసిన రోజున పొద్దుటినుంచి మంచినీళ్ళు ముట్టరు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసినవారూ ఉన్నారు. కారణం ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు.

దీనికి ముందుగా అలవాట్ల దిద్దుబాటు, తర్వాత మాత్రలు. అవి పనిచేయనప్పుడే నాడీ ప్రేరణ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎమిల్ టనాగో, రిచర్డ్ ష్మిట్ అనే వైద్యులు 1981లో త్రికాస్థి నాడికి తీగ అమర్చి పరికరాన్ని తొలిసారి మనిషి ఒంట్లో పెట్టారు. వెన్ను అడుగున ఉండే ఆ ఎముకలోని మూడవ రంధ్రం గుండా సన్నని తీగ పోతుంది. పిరుదు పైభాగాన చర్మం కింద బ్యాటరీ. సన్నని విద్యుత్ స్పందనలు మూత్రాశయం నుంచి మెదడుకు పోయే తప్పుడు కబుర్లను సర్దుతాయి. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి, ముందు కొన్నాళ్ళు తాత్కాలికంగా పరీక్షించి, బాధ కనీసం సగం తగ్గితేనే పరికరాన్ని లోపల అమర్చడం. కొని చూసి కాదు, చూసి కొనడమన్నమాట. అమెరికా ప్రభుత్వం 1997లో దీనికి అనుమతినిచ్చింది. తీగ జారడం, చీము పట్టడం, మళ్ళీ శస్త్రచికిత్స కావలసిరావడం వంటి చిక్కులూ లేకపోలేదు. 2019లో అమెరికాలో మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకోగల బ్యాటరీలు వచ్చాయి. చీలమండ దగ్గరే చర్మం కింద అమర్చే చిన్న పరికరాలకు 2022లోనూ, 2023లోనూ అక్కడ అనుమతి దొరికింది. లార్గుసు రోగి చేపపై మోపిన పాదం పక్కనే!

మన దేశంలో త్రికాస్థి పరికరానికి లక్షల్లో ఖర్చు. అయితే అడ్డు ఖర్చుతోనే మొదలవడం లేదు. మా వైపు ఆడవాళ్ళు డాక్టరు దగ్గరకు వెళ్ళినా 'షుగరేమో' అని పరీక్ష చేయించుకొని, లేదనగానే ఊరటపడి ఇంటికి వచ్చేస్తారు. రోజుకు ఎన్నిసార్లు, ఎంత తొందరగా అని మూడు రోజులు కాగితం మీద రాసుకొని తీసుకువెళ్ళినవారిని నేను ఒక్కరినీ చూడలేదు.