కోకాపేటలో పిల్లల్ని స్కూల్లో చేర్పిస్తున్నారా? ‘తెలుగు’ రూల్ ఇదీ!

ఐటీ ఉద్యోగాల కోసం వేరే రాష్ట్రాల నుంచి కోకాపేటకు వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. పిల్లల చదువు ఇంగ్లీష్ మీడియంలోనే అయినా, తెలుగు సబ్జెక్ట్ మాత్రం తప్పదు.

చట్టం ఏం చెబుతోంది?
2018లో తెలంగాణ తెచ్చిన చట్టం ప్రకారం 1 నుంచి 10వ తరగతి వరకు తెలుగు తప్పనిసరి. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఐబీ స్కూళ్లకూ ఇదే రూల్. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ దీని కిందకు రావు.

మాతృభాష తెలుగు కాకపోతే?
9, 10 తరగతుల ‘సింగిడి’ పుస్తకం వీళ్లకు కష్టమే. అందుకే ఈ బోర్డుల స్కూళ్లలో సులభంగా ఉండే ‘వెన్నెల’ వాడాలని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం నిర్ణయించింది. 9వ తరగతికి 2025-26 నుంచి, పదికి 2026-27 నుంచి ఇది వర్తిస్తుంది.

సర్కారు బడుల్లో ఎలా?
2022-23లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీష్ మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్‌లో ఉంటే, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది.

పేరెంట్స్ ఇది అడగండి
ఆరో తరగతిలోనో, ఏడులోనో వచ్చి చేరిన పిల్లలకు ‘అ, ఆ’ల నుంచి నేర్పే ఏర్పాటు ఉందా? ఫీజు కట్టే ముందే కనుక్కోండి. పదో తరగతి దాకా ఈ సబ్జెక్ట్ వెంటే ఉంటుంది మరి!