బాలింతలకు వ్యాయామ తరగతులు: ఎప్పుడు చేరాలి? ఆరోగ్య కేంద్రంలో ఏం అడగాలి?

బిడ్డకు ఆరు వారాలు నిండాయి. టీకాలు వేయించడానికి ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. బిడ్డ బరువు చూశారు, టీకాలు వేశారు, కార్డులో రాసి ఇచ్చారు. మీరు ఇంటికి వచ్చేశారు. దగ్గినా తుమ్మినా రెండు చుక్కలు మూత్రం పడుతోందన్న సంగతి మీరు చెప్పలేదు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు కూడా.

కాన్పు తర్వాత చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే ఇది. 'పిల్లలు పుట్టాక అంతే' అని సరిపెట్టుకోనక్కర్లేదు. సరైన వ్యాయామం చేస్తే చాలామందికి తగ్గుతుంది. బిడ్డను వెంట తీసుకెళ్లి నలుగురితో కలిసి చేసే వ్యాయామ తరగతులు ఇందుకు ఒక దారి. అలాంటివి లేని ఊళ్లో ఉన్నా, ఫీజు కట్టలేకపోయినా, ప్రభుత్వ వైద్య వ్యవస్థలో కొంత సాయం ఉంది. కాకపోతే మీరే నోరు తెరిచి అడగాలి.

ఈ తరగతుల్లో ఏం చేస్తారు?

తల్లులు చాపల మీద కూర్చుంటారు, బిడ్డలు ఎదురుగానో పక్కనో ఉంటారు. ముందు ఊపిరి తీసి వదిలే సాధన, తర్వాత కటి కండరాలకు, పొట్టకు, నడుముకు, భుజాలకు తేలికపాటి వ్యాయామాలు చేయిస్తారు. బిడ్డ ఏడిస్తే ఆపి పాలివ్వొచ్చు. బిడ్డను ఎవరికి అప్పగించాలన్న బెంగ ఉండదు. అదే అవస్థలో ఉన్న మరో తల్లితో నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చు కూడా.

మామూలు జిమ్‌కు, దీనికి తేడా ఉంది. ఇక్కడ లక్ష్యం బరువు తగ్గడం కాదు. మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని కింద నుంచి మోసే కండరాలు కాన్పుతో సాగిపోతాయి. వాటికి మళ్లీ బలం తేవడమే మొదటి పని. సిజేరియన్ అయినవారికీ ఇది అవసరమే. తొమ్మిది నెలలు బరువు మోసింది ఆ కండరాలే కదా!

ఎప్పుడు మొదలుపెట్టాలి?

'పచ్చి ఒళ్లు, కదలొద్దు' అని ఇంట్లో పెద్దలు చెబుతారు. విశ్రాంతి అవసరమన్న మాట నిజం. కానీ రోజంతా మంచం దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కాన్పులో ఇబ్బందులేవీ లేకపోతే, ఓపిక వచ్చినకొద్దీ ఇంట్లోనే మెల్లగా నడవొచ్చు.

కటి కండరాల వ్యాయామాన్ని మూత్రం గొట్టం తీసేశాక, నొప్పి లేకుండా చేయగలిగినప్పుడు మొదలుపెట్టొచ్చు. అపానవాయువును ఆపుకొంటున్నట్లు కండరాలను లోపలికి, పైకి బిగించి కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. అలవాటయ్యాక ఒక్కో బిగింపును 10 సెకన్ల వరకు పెంచుకుంటూ, 10 సార్ల చొప్పున రోజుకు మూడు విడతలు చేయొచ్చు. ఊపిరి బిగపట్టకూడదు. మూత్రం పోసేటప్పుడు ఆపి ఆపి సాధన చేయొద్దు.

తరగతిలో చేరడానికి మాత్రం ఆరు వారాల పరీక్ష అయ్యేదాకా ఆగడం మంచిది. సిజేరియన్ అయినా, కుట్లు మానకపోయినా ఇంకొన్నాళ్లు పట్టొచ్చు. డాక్టర్ సరే అన్నాకే చేరండి. పరుగు, గెంతులు కనీసం మూడు నెలల తర్వాతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న బాలింతలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ మంచిది. మొదటి వారమే అంత చేయాలని కాదు, మెల్లగా అక్కడికి చేరితే చాలు. ఓ మోస్తరు వ్యాయామంతో పాలు తగ్గుతాయన్న భయం అక్కర్లేదు. తరగతికి ముందు బిడ్డకు పాలిస్తే మీకూ హాయిగా ఉంటుంది.

ప్రభుత్వ కేంద్రాల్లో ఏం అడగాలి?

'బాలింతల వ్యాయామ తరగతి' అన్న బోర్డు మీకు కనిపించకపోవచ్చు. కానీ దానికి కావాల్సిన సాయం నాలుగు చోట్ల దొరుకుతుంది.

ఆశా కార్యకర్త: ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో మీ ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా రావాలి. బిడ్డ సంగతితో పాటు మీ ఒంటి సంగతీ చెప్పండి.

పీహెచ్‌సీ: బిడ్డకు ఆరు వారాల టీకాలు, మీ 42వ రోజు దాదాపు ఒకేసారి వస్తాయి. ఆ రోజే 'నన్ను కూడా చూడండి' అని అడగండి. బీపీ, రక్తహీనత, కుట్లు చూపించుకోండి. మూత్రం పడుతుంటే దాచుకోకుండా చెప్పండి. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి. అవి అక్కడ ఉచితంగా ఇస్తారు.

ఫిజియోథెరపీ విభాగం: జిల్లా ఆసుపత్రులు, బోధనాసుపత్రుల్లో ఉంటుంది. మూత్రం పడటం, నడుము నొప్పి, పొట్ట కండరాల ఎడం ఉంటే అక్కడికి చీటీ రాసిమ్మని పీహెచ్‌సీ డాక్టర్‌ను అడగండి.

ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం: ఇక్కడి సేవల్లో యోగా కూడా ఒక భాగం. మీ ఊళ్లో ఏ రోజు నేర్పిస్తారో కనుక్కోండి. బాలింతనని ముందే చెప్పండి.

డబ్బు కట్టి చేరేటప్పుడు

నేర్పేవారికి బాలింతల విషయంలో ప్రత్యేక శిక్షణ ఉందా అని అడగండి. మీ కాన్పు ఎలా అయిందో, ఎన్ని వారాలైందో అడగకుండానే చేర్చుకుంటే అనుమానించాల్సిందే. 'నెలలో పొట్ట మాయం' అనే చోటికి అసలు వెళ్లొద్దు.

పొట్టను ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తలను, భుజాలను కొద్దిగా పైకి లేపండి. బొడ్డుకు పైన, కింద వేళ్లతో తడిమితే కండరాల మధ్య ఎడం తెలుస్తుంది. ఎనిమిది వారాల తర్వాతా అది స్పష్టంగా ఉంటే డాక్టర్‌కు చూపించండి.

బిడ్డ భద్రత కూడా చూడాలి. మెడ నిలవని బిడ్డను పైకెత్తి ఊపే వ్యాయామాలు వద్దు. ఒంటికి కట్టుకునే సంచిలో ఉంటే ముఖం ఎప్పుడూ కనిపిస్తుండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. గది మరీ వేడిగా, పాట మరీ గట్టిగా ఉండకూడదు.

ఊళ్లో తరగతి లేకపోతే?

డ్వాక్రా సంఘాలు నడుపుకొనే ఆడవాళ్లకు నలుగురు కలవడం కొత్త కాదు. వీధిలోనో అపార్ట్‌మెంట్‌లోనో ముగ్గురు నలుగురు బాలింతలు ఉంటే ఎండ ఎక్కక ముందే కలిసి నడవండి. అంగన్‌వాడీలో నెలనెలా జరిగే ఆరోగ్య, పోషణ దినం రోజున కటి కండరాల వ్యాయామం అందరికీ ఒకసారి చెప్పమని ఏఎన్ఎంను కోరండి.

ఎప్పుడు ఆపేయాలి?

వ్యాయామం చేశాక రక్తస్రావం పెరిగినా, కుట్ల దగ్గర నొప్పి వచ్చినా, యోనిలో ఏదో కిందికి జారుతున్నట్లు బరువుగా అనిపించినా ఆపి డాక్టర్‌ను కలవండి. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, రక్తస్రావం ఆగకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. దిగులు, ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఇది ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈసారి టీకాకు వెళ్లినప్పుడు బిడ్డ కార్డుతో పాటు మీరు అడగాల్సిన ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.